స్తంభం ఎక్కే ముందు

వాన అప్పుడే తెరిపిచ్చింది. ఊరంతా చీకటి. మీ ఫోను ఆగకుండా మోగుతోంది. సర్పంచి గారు ఒకసారి, రైసుమిల్లు ఆయన రెండుసార్లు, ఏఈ గారు ఇంకోసారి. అందరూ అడిగేది ఒకటే: "ఎంతసేపట్లో వస్తుంది?" మీ బండి డిక్కీలో కటింగ్ ప్లయరు, టెస్టరు, ఇన్సులేషన్ టేపు ఉన్నాయి. గ్లౌజులు సబ్‌స్టేషన్ బీరువాలో ఉండిపోయాయి. ఎర్త్ రాడ్లు పక్క సెక్షను వాళ్లు పట్టుకెళ్లి ఇంకా తేలేదు. "పోయింది జంపరు ఒక్కటే, ఐదు నిమిషాల పని" అని మనసు తొందరపెడుతోంది.

ఎక్కుతారా?

నిజం చెప్పండి. మీలో చాలామంది ఎక్కేశారు. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే ఇందులో అసలు ప్రమాదం. నూరుసార్లు ఏమీ కాకపోతే నూటొకటోసారి రాడ్లు మోసుకెళ్లడం దండగ అనిపిస్తుంది. కొత్త కుర్రాడికి స్తంభమంటే భయం ఉంటుంది. పదిహేనేళ్లు చేసినవారికి చనువు వస్తుంది. కరెంటు ఎవరి సర్వీసు ఎంతో చూడదు.

లైన్‌మన్‌కి, అసిస్టెంట్ లైన్‌మన్‌కి, తెలంగాణలో ఆర్టిజన్‌కి, ఆంధ్రలో సచివాలయాల ద్వారా వచ్చిన ఎనర్జీ అసిస్టెంట్‌కి, కాంట్రాక్టరు కింద స్తంభాలు పాతే మనిషికి, అందరికీ కలిపి రాస్తున్న అధ్యాయం ఇది. కరెంటు పాఠాలు చెప్పను, అవి మీకు తెలుసు. తెలిసింది ఆ రాత్రి ఆ హడావుడిలో ఎలా చేయాలో చెబుతాను.

ముందే ఒక మాట అనుకుందాం. గ్లౌజులు, హెల్మెట్టు, బెల్టు చేతిలో ఉన్నంత మాత్రాన లైను ముట్టుకోవచ్చని కాదు. "లైను ఆఫ్‌లో ఉంది" అన్న మీ నమ్మకం తప్పయిన రోజున ప్రాణం నిలబెట్టడానికి అవి ఉన్నాయి. కాబట్టి సామాను సంగతికి ముందు, ఆ నమ్మకాన్ని గట్టి చేసుకునే సంగతి చూద్దాం.

1. ఎల్‌సీ (లైన్ క్లియర్) మీ నోటితో అడగండి, మీ చెవితో వినండి

సబ్‌స్టేషన్లలో ఫీడర్ల పేర్లు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. పాతూరు, కొత్తూరు. వన్, టూ. సిగ్నలు సరిగా అందని చోట, వాన హోరులో, "అన్నా, టూ ఆఫ్ చెయ్యి" అంటే అవతలి మనిషికి ఏం వినబడి ఉంటుంది?

పూర్తి వాక్యాల్లో అడగండి. "అన్నా, నేను ఫలానా లైన్‌మన్‌ని. కొత్తూరు 11 కేవీ ఫీడరుకు ఎల్‌సీ కావాలి. చెరువుకట్ట దగ్గర జంపరు పని. ఇద్దరం ఉన్నాం." ఆపరేటరు అదే మళ్లీ మీకు చెప్పాలి: "కొత్తూరు ఫీడరు. బ్రేకరు ఆఫ్ చేశాను, ఏబీ స్విచ్ ఓపెన్ చేశాను. టైము ఎనిమిదీ ఇరవై. ఎల్‌సీ నంబరు రాసుకో." ఆయన చెప్పకపోతే మీరే అడిగి చెప్పించుకోండి. నంబరు, టైము మీ డైరీలో రాయండి. అరచేతి మీద రాసుకుంటే చెమటకు చెరిగిపోతుంది.

ఇక్కడ మామూలుగా జరిగే పొరపాట్లు మూడున్నాయి.

మొదటిది టైము ఎల్‌సీ. "అరగంట తీసుకో, ఎనిమిదీ యాభైకి ఛార్జ్ చేసేస్తా." ఇది ఎల్‌సీ కాదు, పందెం. పైన బోల్టు తుప్పు పట్టి ఊడకపోతే? మీ ఫోను కింద డిక్కీలో ఉండిపోతే? "నేను ఫోన్ చేసి, నా పేరు చెప్పి, ఎల్‌సీ వాపసు ఇచ్చేదాకా ఛార్జ్ చేయొద్దు" అని ప్రతిసారీ అనండి. విసుక్కుంటారని ఊరుకోకండి.

రెండోది ఒకరి ఎల్‌సీ మీద ఇంకొకరు పనిచేయడం. పక్క ఊళ్లో మీ దోస్తు అదే ఫీడరు మీద పనిచేస్తున్నాడు, లైను ఎలాగూ ఆఫ్‌లోనే ఉంది కదా అని మీరూ ఎక్కారు. అతని పని అయిపోయింది, ఎల్‌సీ వాపసు ఇచ్చేశాడు. మీరు పైనున్నట్టు అతనికి తెలియదు, ఆపరేటరుకూ తెలియదు. అందుకే ఫీడరు ఒకటే అయినా గ్యాంగులు రెండైతే ఎల్‌సీలు రెండు ఉండాలి.

మూడోది, ఊళ్లో ఎవరో పెద్దమనిషి ఫోను చేసి ఆఫ్ చేయించానంటే నమ్మేయడం. ఆయన మంచివారే కావచ్చు. కానీ ఎల్‌సీ పుస్తకంలో ఆయన పేరు ఉండదు.

2. ఆఫ్ అయిందని విన్నారు. చూశారా?

ఏబీ స్విచ్ హ్యాండిలు కిందికి లాగినంత మాత్రాన మూడు బ్లేళ్లూ విడిపోయాయని అనుకోకండి. పాత స్విచ్‌లలో రెండు బ్లేళ్లు తెరుచుకుని మూడోది కరుచుకునే ఉంటుంది. టార్చి వేసి ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెట్టండి. హ్యాండిలుకు తాళం వేయండి. తాళం చెవి మీ జేబులో ఉండాలి, హెచ్‌జీ ఫ్యూజు తీస్తే అదీ మీ సంచిలోనే ఉండాలి. "మనుషులు పని చేస్తున్నారు" అన్న బోర్డు తగిలించండి. చీకట్లో మీరు పైనుంటే, ఎవరో సాయం చేద్దామని వచ్చి హ్యాండిలు ఎత్తేసే అవకాశం ఉందా లేదా?

తలెత్తి ఇంకోటి చూడండి. మీ లైను మీదుగా 33 కేవీ లైను దాటుతోందా? అదే స్తంభం మీద వేరే ఫీడరు నడుస్తోందా? మీరు ఆఫ్ చేయించింది ఒకటే. రెండోది మీ భుజం పక్కనే బతికి ఉంది.

తర్వాత టెస్టు. వోల్టేజీ డిటెక్టరును ముందు సప్లై ఉన్న చోట పెట్టి, అది పనిచేస్తోందో లేదో చూడండి. ఆ తర్వాతే మీ లైను మీద పెట్టండి. బ్యాటరీ అయిపోయిన డిటెక్టరు ఏ లైను మీద పెట్టినా మౌనంగానే ఉంటుంది. మూడు ఫేజులూ విడివిడిగా చూడాలి.

3. ఎర్త్ రాడ్లు లేకుండా ఎక్కొద్దు

ఈ అధ్యాయంలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే దీన్ని గుర్తుపెట్టుకోండి.

బ్రేకరు ఆఫ్‌లో ఉంది, ఏబీ స్విచ్ తెరిచి ఉంది, టెస్టరు ఏమీ చూపలేదు. ఇంకా కరెంటు ఎక్కడినుంచి వస్తుంది? ఊళ్లోంచి వస్తుంది. ఫంక్షన్ హాల్లో పెళ్లి జరుగుతోంది. కరెంటు పోయిందని జనరేటరు వేశారు. చేంజ్ ఓవర్ స్విచ్ లేదు, ఉన్నా ఎవరో డైరెక్టు చేశారు. జనరేటరు నుంచి 400 వోల్టులు వెనక్కి నడిచి ట్రాన్స్‌ఫార్మరు ఎల్‌టీ వైపు చేరతాయి. ట్రాన్స్‌ఫార్మరుకు మంచీ చెడూ తెలియదు. 11,000 వోల్టులను ఎలా 400 చేస్తుందో, 400 వోల్టులను అలాగే 11,000 చేసి పైకి పంపిస్తుంది. మీ చేయి ఉన్న చోటికి. దీన్నే మనవాళ్లు రిటర్న్ సప్లై అంటారు. మీరు టెస్టు చేసిన నిమిషానికి అది లేదు. పైకి ఎక్కాక ఎవరో జనరేటరు తాడు లాగారు. టెస్టరు ఆ క్షణం సంగతే చెప్పగలదు. మీరు పైనున్నంతసేపూ కాపలా కాసేది ఎర్త్ రాడ్లే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసినప్పుడు, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం మీద పడ్డప్పుడు, లైన్లు నిలబెట్టడానికి వేరే జిల్లాల నుంచి సిబ్బంది వెళ్లారు. అలాంటి రోజుల్లో ఎన్ని ఇళ్లలో, దుకాణాల్లో, ఆసుపత్రుల్లో జనరేటర్లు నడుస్తాయో ఆలోచించండి. బయటి నుంచి వెళ్లిన మనిషికి ఏ వీధిలో జనరేటరు ఉందో, ఏ ఫీడరు ఎటు పోతుందో తెలియదు. తుపాను డ్యూటీకి వెళ్తే రాడ్లు మీ సొంత సామానులో మొదటిది కావాలి.

వేసే పద్ధతి ఇది. ముందు భూమి వైపు కొస. తడి నేలలో కడ్డీని లోతుగా దిగ్గొట్టి, క్లాంపు గట్టిగా బిగించండి. తుప్పు పట్టిన స్టే వైరుకు తగిలించి ఎర్తు అయిందనుకోవద్దు. ఆ తర్వాతే ఇన్సులేటెడ్ కర్ర పట్టుకుని లైను వైపు కొసను ఒక్కో ఫేజుకు తగిలించండి. మూడు ఫేజులూ ఒకదానితో ఒకటి షార్టు కావాలి. తీసేటప్పుడు తిరగేసి: ముందు లైను వైపు, చివరికి భూమి వైపు. తిరగబడితే ఏమవుతుంది? భూమి కొస ఊడిన రాడ్డు లైనుతో కలిసి ఉంటే, మీ చేతిలో ఉన్నది ఎర్తు కాదు, లైనే.

ఇంకో సంగతి, పనిచేసే చోటుకు రెండు వైపులా రాడ్లు వేయాలి. సబ్‌స్టేషను వైపు మాత్రమే వేస్తే ఊరి వైపు నుంచి వచ్చేదాన్ని ఎవరు ఆపుతారు? ఎల్‌టీ మీద పనిచేస్తున్నా ఇదే. మూడు ఫేజులతో పాటు న్యూట్రలునూ, వీధి దీపాల వైరునూ కలిపి షార్టు చేయండి. న్యూట్రలు తెగితే దాని మీదా వోల్టేజీ ఉంటుంది.

ఇది నా సలహా మాత్రమే కాదు. కండక్టరును ముట్టుకునే ముందు ఎర్తు చేసి డిశ్చార్జి చేయాలని, పనిచేసే మనిషికి గ్లౌజులు, రబ్బరు బూట్లు, బెల్టు, నిచ్చెన, ఎర్తింగ్ సామాను, హెల్మెట్టు, లైన్ టెస్టరు ఇవ్వాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 నిబంధనల్లోనే రాసింది. వాటి స్థానంలో 2023లో కొత్త నిబంధనలు వచ్చాయి. సామాను అడగడం మీ హక్కు. మొహమాటం అక్కర్లేదు.

4. గ్లౌజులను రోజూ చెవి దగ్గర పెట్టి వినండి

గ్లౌజు నోరు రెండు చేతులతో పట్టుకోండి. గాలిలో ఒకసారి తిప్పి, లోపలి గాలి బయటికి పోకుండా నోటి దగ్గర నుంచి చుట్టుకుంటూ రండి. వేళ్లు ఉబ్బుతాయి. ఇప్పుడు చెవి దగ్గరికి తెచ్చి, మెల్లిగా నొక్కండి. "సుయ్" మని వినబడిందా? చెంపకు గాలి తగిలిందా? సూది మొనంత చిల్లు చాలు, ఆ గ్లౌజు ఇక గ్లౌజు కాదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు సాగదీసి చూడండి. ముందు అక్కడే పగులుతుంది. రెండో చేతిదీ అలాగే. అంతా కలిపి నిమిషం పట్టదు.

పనికిరాని గ్లౌజును పక్కన పెట్టి ఊరుకోకండి. దాని వేలు కోసేయండి. లేకపోతే రేపు ఇంకొకరు దాన్ని తొడుక్కుంటారు.

దాని మీది ముద్ర చదివారా ఎప్పుడైనా? ఇక్కడ చాలామంది మోసపోతారు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం క్లాస్ 0 గ్లౌజును 5,000 వోల్టుల దగ్గర పరీక్షిస్తారు. వాడాల్సింది మాత్రం 1,000 వోల్టుల దాకానే. దాని మీద పెద్ద అంకె కనబడిందని 11 కేవీ స్తంభం ఎక్కితే? 11 కేవీకి తగ్గది క్లాస్ 2, వాడకం 17,000 వోల్టుల దాకా. క్లాస్ 0కు ఎర్ర ముద్ర, క్లాస్ 2కు పసుపు ముద్ర. క్లాస్ 2 కూడా ఛార్జ్ అయి ఉన్న 11 కేవీని పట్టుకోవడానికి కాదు. లైను ఆఫ్ చేయించి, రాడ్లు వేసి, ఆ పైన తొడుక్కోవడానికి. ఆరు నెలలకోసారి వాటిని ల్యాబులో పరీక్ష చేయించాలి. ఆ తేదీ గ్లౌజు మీద లేకపోతే అడగండి.

"చెమట పట్టి జారిపోతున్నాయి సార్" అంటారు. నిజమే. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో మధ్యాహ్నం రబ్బరు తొడుక్కోవడం మామూలు కష్టం కాదు. లోపల పల్చటి నూలు గ్లౌజు వేసుకోండి, చెమట పీలుస్తుంది. పైన తోలు గ్లౌజు వేయండి. కండక్టరు పోగులు గుచ్చుకుని రబ్బరు చిరిగేది తోలు లేకపోవడం వల్లే.

ఇంటికెళ్లాక వాటిని ఎక్కడ పెడుతున్నారు? బండి సీటు కింద మడతపెట్టి, పెట్రోలు వాసనలో, ప్లయరు పక్కన. రబ్బరుకు అంతకంటే చెడ్డ చోటు లేదు. ఎండ, నూనె, గ్రీజు, మడత, ఈ నాలుగూ దాన్ని తినేస్తాయి. టాల్కం పౌడరు చల్లి, వేళ్లు చాచి, గుడ్డ సంచిలో వేసి గోడకు తగిలించండి.

5. బెల్టు, హెల్మెట్టు, బూట్లు

కరెంటు తగిలి పోయేవారితో పాటు, చిన్న షాకుకే అదిరి కిందపడి పోయేవారూ ఉన్నారు. మన సిమెంటు స్తంభాలు ఎక్కువగా 8 మీటర్లవి, 9.1 మీటర్లవి. భూమిలో పాతింది పోగా మిగిలిన ఎత్తు నుంచి పడినా తలా నడుమూ నిలవవు.

ఎక్కే ముందు స్తంభాన్ని చూడండి. ఇనుప స్తంభమైతే మొదట్లో తుప్పు చూడండి, మట్టి కాస్త తవ్వి చూడండి. సిమెంటుదైతే పగుళ్లలోంచి కడ్డీలు కనబడుతున్నాయా? వంగి ఉందా? స్టే వైరు వదులైందా? అనుమానం వస్తే నిచ్చెన వేసి, తాడు కట్టండి.

నడుముకు మాత్రమే పట్టే పాత బెల్టు పని చేసేటప్పుడు ఆసరాగా ఉంటుంది. పడిపోతే నడుము విరుగుతుంది, లేదా తలకిందులై జారిపోతారు. భుజాలనూ తొడలనూ పట్టే పూర్తి హార్నెస్ అడగండి. కొలత సరిపోవాలి. 2020 చివర్లో తెలంగాణలో ఆడపిల్లలు హైకోర్టు దాకా వెళ్లి స్తంభం ఎక్కే పరీక్షకు అవకాశం తెచ్చుకుని, నెగ్గి చూపించారు. వారి చేతికి మగవాళ్ల కొలత గ్లౌజు, వారి భుజానికి వదులైన హార్నెస్ ఇస్తే ఇచ్చినట్టు కాదు. పెద్దవైన గ్లౌజుతో బోల్టు పట్టు దొరకదు, దొరక్కపోతే ఎవరైనా తీసేస్తారు.

హెల్మెట్టుకు గడ్డం కింద పట్టీ బిగించండి. బిగించని హెల్మెట్టు మీకంటే ముందు కింద పడుతుంది. చెప్పులతో ఎక్కకండి. ఉంగరం, చేతి కడియం, మెడలో గొలుసు ఇంట్లో పెట్టి రండి.

6. "ఎల్‌టీయే కదా" అనకండి

ఇళ్లకిచ్చే 230 వోల్టులను చిన్నచూపు చూస్తాం. పది మిల్లీ ఆంపియర్లు దాటితేనే చేతి కండరాలు బిగుసుకుని వైరు వదలలేని స్థితి రావచ్చు. ముప్ఫై మిల్లీ ఆంపియర్ల దగ్గర గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది. పాత 60 వాట్ల బల్బు తీసుకునే కరెంటులో అది పదో వంతు, కాస్త అటూ ఇటూ. ఫ్యూజు మీ కోసం కాలిపోదు, ఎందుకంటే అంత చిన్న కరెంటు దానికి లెక్కే కాదు.

7. తెగిపడ్డ లైను దగ్గర

ముందు జనాన్ని దూరం పంపండి, ఆ తర్వాత సబ్‌స్టేషనుకు ఫోను చేయండి. తడి నేలలో కరెంటు చుట్టూ పాకి ఉంటుంది, అడుగుకీ అడుగుకీ మధ్యే వోల్టేజీ ఉంటుంది. మీరు అప్పటికే దగ్గరికి వెళ్లిపోయి ఉంటే, పాదాలు రెండూ కలిపి, నేలమీద జరుపుకుంటూ వెనక్కి రండి. పరుగు వద్దు.

8. "వద్దు" అనడం నేర్చుకోండి

సామాను అంతా ఉన్నా, దాన్ని వాడే వ్యవధి ఇవ్వకపోతే ఏం లాభం? లైన్‌మన్ మీద పడే ఒత్తిడి అందరికీ తెలుసు. పై అధికారికి ఎదురు చెప్పలేరు, ఊరివాళ్లతో రోజూ మొహం చూసుకోవాలి. కాబట్టి గొడవ లేకుండా చెప్పే మాటలు ముందే నోటికి తెచ్చుకోండి.

ఏఈ గారితో: "చేస్తాను సార్. రాడ్లు పక్క సెక్షనులో ఉన్నాయి. బండి పంపించండి, అవి రాగానే ఎక్కుతాను." ఇందులో "చేయను" అన్న మాటే లేదు. పని ఆగింది మీ వల్ల కాదు, రాడ్లు లేక. సార్‌కు కూడా పైవాళ్లకు చెప్పుకోవడానికి ఒక కారణం దొరుకుతుంది.

ఊరివాళ్లతో: "ఒక్క ముప్పావుగంట ఓపిక పట్టండి అన్నా. మీ ఇంట్లో జనరేటరు ఉంటే ఆఫ్ చేయండి, నేను పైకి ఎక్కుతున్నా." అడిగితే చాలామంది ఆఫ్ చేస్తారు. ఎందుకో చెప్పకపోతే ఎవరు చేస్తారు?

ఒకటి గట్టిగా చెబుతాను. మీరు ఎక్కలేని రోజున ఊళ్లో కుర్రాడిని ఎక్కించకండి. ఫ్యూజులు వేసి వేసి అలవాటైన కుర్రాడు ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. "వాడు బాగా చేస్తాడు" అంటారు. అతనికి శిక్షణ లేదు, బెల్టు లేదు, అతని పేరు మీద ఎల్‌సీ లేదు. ఏమైనా అయితే అతని తల్లికి మీరేం చెబుతారు?

9. కింద ఒక మనిషి ఉండాలి, చూస్తూ ఉండాలి

ఒంటరిగా ఎక్కకండి. కింద నిలబడే మనిషి ఫోను చూసుకోకూడదు, మీ చేతులు చూడాలి. చేతితాడు కూడా అతని దగ్గరే ఉండాలి. పైన మనిషి హార్నెస్‌లో స్పృహ లేకుండా వేలాడుతుంటే వీలైనంత త్వరగా దించాలి, అలాగే వదిలేస్తే రక్తప్రసరణ ఆగి అదే ప్రాణం తీస్తుంది.

షాకు తగిలిన మనిషిని ముట్టుకునే ముందు సప్లై తీయించండి. ఎల్‌టీ అయితే పొడి కర్రతో వైరు తప్పించవచ్చు. 11 కేవీకి కర్ర పనికిరాదు, ఆఫ్ అయ్యేదాకా దగ్గరికి వెళ్లకండి. 108కి ఫోను చేయించండి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో రెండు అరచేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి, ఐదు సెంటీమీటర్ల లోతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. అంబులెన్సు వచ్చేదాకా ఆపొద్దు. అలసిపోతే ఇంకొకరికి అప్పగించండి. ఈ పని ఆ రోజు మొదటిసారి చేయకూడదు. మీ సెక్షనులో ఒక ఆదివారం దిండు పెట్టి అందరూ చేసి చూడండి.

10. సామాను కాగితం మీద అడగండి

నోటిమాటగా అడిగితే "ఇండెంటు పెట్టాం, వస్తాయి" అంటారు. తెల్లకాగితం తీసుకోండి. ఇంతే రాయండి:

"ఏఈ గారికి. నా దగ్గరున్న రబ్బరు గ్లౌజుల ఎడమ చేతిది బొటనవేలి దగ్గర చిల్లు పడింది, గాలి పరీక్షలో తేలింది. మా గ్యాంగుకు ఎర్త్ రాడ్లు ఒక్క సెట్టే ఉంది, రెండు వైపులా వేయడానికి రెండు సెట్లు కావాలి. కొత్తవి వచ్చేదాకా 11 కేవీ పనులకు సబ్‌స్టేషనులోని సెట్టు ఇప్పించగలరు."

ఏ సామాను, ఏ లోపం, ఎన్ని కావాలి, అప్పటిదాకా ఏం చేయాలి, ఈ నాలుగూ ఉంటే చాలు. కోపం, ఫిర్యాదు రాయొద్దు. కాంట్రాక్టరు దగ్గర పనిచేసేవారు కాంట్రాక్టరుకు రాసి, ఒక కాపీ ఏఈ గారికి ఇవ్వండి. రెండు కాపీలు తీసి, ఒకదాని మీద తేదీతో సంతకం చేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి. పదిహేను రోజుల్లో రాకపోతే అదే కాపీ జతచేసి ఏడీఈ గారికి పంపండి. గ్లౌజులు వచ్చాక తొడుక్కునే ముందు ముద్ర చదివి, గాలి పట్టి, చెవి దగ్గర పెట్టి వినండి. కొత్తవి కూడా.